‘ఇనాడిక్వేట్’ అంటే ఎంత తక్కువ?

ఎస్సీ ఉపవర్గీకరణకు సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న పచ్చజెండా ఊపినప్పటి నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక మాట తరచుగా వినిపిస్తోంది: ‘తగినంత ప్రాతినిధ్యం లేదు’. టీవీ చర్చలో ఒకరు జనాభా అంకె చూపించి లేదంటారు. పక్కనే కూర్చున్నవారు ఉద్యోగాల అంకె చూపించి ఉందంటారు. ఇద్దరి అంకెలూ నిజమే కావచ్చు. తగువంతా ‘తగినంత’ అన్న మాట దగ్గరే ఉంది. పాత తెలుగులో తగవు అంటే న్యాయం, ఔచిత్యం. ఇప్పుడు అది జగడమైంది. ఆ రెండు అర్థాలూ ఈ చర్చకు సరిపోవడం చూస్తే మన భాషకు ముందే తెలిసిందేమో అనిపిస్తుంది.

ఈ తెలుగు మాట వెనక ఉన్నది రాజ్యాంగం 16(4) అధికరణంలో ‘ఎడిక్వేట్‌లీ’ రూపంలో కనిపించే ‘ఎడిక్వేట్’ అనే ఇంగ్లీషు విశేషణం. దానికి వ్యతిరేకం ‘ఇనాడిక్వేట్’. ఆసుపత్రుల మీద నివేదికలు, భూసేకరణ కేసులు, జీతాల పెంపు కోరే వినతిపత్రాలు, మనస్తత్వ నిపుణుల గదులు, ఎక్కడ చూసినా ఈ మాట కనిపిస్తుంది. తక్కువగా ఉందని చెబుతుంది కానీ ఎంత తక్కువో చెప్పదు. అసలు ఆ లెక్కే దానికి పట్టదు. అందుకే ఇన్ని దశాబ్దాలుగా కోర్టులు దీనితో కుస్తీ పడుతున్నాయి.

సరి, సరిపోదు

మూలం లాటిన్‌లో ఉంది. ‘ఎక్వుస్’ అంటే సమానం. దాని ముందు దిశను చెప్పే ‘అడ్’ చేరి, ‘సమానం చేయడం’ అనే అర్థమున్న క్రియ పుట్టింది. ఇంగ్లీషులోకి ‘ఎడిక్వేట్’ 17వ శతాబ్దం మొదట్లో వచ్చింది, దాని వ్యతిరేకం అదే శతాబ్దం చివరికల్లా వాడుకలో ఉంది. ‘ఈక్వల్’, ‘ఈక్వివలెంట్’ అనేవి కూడా ఇదే వేరు నుంచి వచ్చిన చుట్టాలే. ఈ చుట్టరికం ముందు ముందు ఒక కోర్టు కేసులో మళ్లీ పలకరిస్తుంది.

అంటే ఇనాడిక్వేట్‌కు మాటకు మాటగా అర్థం ‘సమానం కానిది’. ఇప్పుడు తెలుగులో సరిపోదు అన్న క్రియను విడదీసి చూడండి. సరి అంటే సమానం. సరి, బేసి అన్నప్పుడూ, సరిసమానం అన్నప్పుడూ ఉన్నది ఆ సరే. రోమ్‌లో ఒకరు, గోదావరి ఒడ్డున ఒకరు, ఎవరికి వారు తక్కువతనాన్ని ఒకే రకంగా ఊహించారు. రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి, ఇది దానికి సరి కాలేదు అన్నారు. నిఘంటువులు ఇచ్చే ‘అసమగ్రమైన’, ‘అపర్యాప్తమైన’ కంటే ఇంటిలో అందరం వాడే సరిపోదు అన్న మాటే అసలు అర్థానికి దగ్గరగా ఉంది.

ఉచ్చారణ గురించి చిన్న మాట. మనం రాయడం ‘క్వేట్’ అని రాస్తాం, పలకడం కూడా అలాగే పలుకుతాం. ఇంగ్లీషువారి నోట చివరి అక్షరం దాదాపు ‘క్వట్’ అని తేలిపోతుంది. నొక్కు అంతా రెండో అక్షరం మీద పడుతుంది. తెలుగు వాడుకలో స్థిరపడిన రూపం కనుక ఈ వ్యాసంలో ‘క్వేట్’నే ఉంచుతున్నాను.

కుర్చీలు, చెక్కు, వాన

తక్కువతనాన్ని చెప్పే ఇంగ్లీషు విశేషణాల్లో ముగ్గురు అన్నదమ్ములను మనం ఎక్కువగా కలిపేస్తాం: ఇన్‌సఫిషియెంట్, డెఫిషియెంట్, ఇనాడిక్వేట్. మూడింటికీ ‘తగినంత లేని’ అని రాస్తే వాక్యం నడిచిపోతుంది. కానీ మూడూ మూడు వేర్వేరు వస్తువులతో పోలుస్తాయి.

ఒక హాలులో 12 మంది కూర్చోవాలి. 10 కుర్చీలే ఉన్నాయి. ఇది ఇన్‌సఫిషియెంట్. లెక్క పెట్టాం, రెండు తగ్గాయి. ఇప్పుడు 12 కుర్చీలు తెచ్చారు, కానీ అవి అంగన్‌వాడీ పిల్లలు కూర్చునేవి. లెక్క సరిపోయింది, పెద్దవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఇది ఇనాడిక్వేట్. సంఖ్యలో లోపం లేదు, పనికి సరిపోవడంలో ఉంది.

బ్యాంకు ఉదాహరణ ఇంకా తేటగా ఉంటుంది. 10,000 రూపాయలకు చెక్కు ఇచ్చారు, ఖాతాలో 9,900 ఉన్నాయి. చెక్కు తిరిగి వస్తుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోకి 1988 సవరణతో వచ్చిన 138వ సెక్షన్ ఇక్కడ వాడిన మాట ఇన్‌సఫిషియెంట్. వంద రూపాయలు తగ్గినా, తొమ్మిది వేలు తగ్గినా అదే మాట. ఆ చోట ఇనాడిక్వేట్ అని రాయడం కుదరదు, ఎందుకంటే బ్యాంకు గుమస్తా ఆ డబ్బు ఏ అవసరానికి సరిపోతుందా అని ఆలోచించడు. అంకెను అంకెతో పోలుస్తాడు, అంతే.

డెఫిషియెంట్ పోల్చేది మామూలుతో. మామూలుగా ఉండవలసిన స్థాయి అంటూ ఒకటి ముందే ఉండాలి, దాని నుంచి జారితే ఈ మాట. రక్తంలో ఇనుము లోపం అన్నా, సెప్టెంబరు వచ్చేసరికి మన జిల్లాల పేర్ల పక్కన ‘లోటు వర్షపాతం’ అని వచ్చినా ఇదే. భారత వాతావరణ విభాగం లెక్కలో ఒక జిల్లాలో వర్షపాతం దీర్ఘకాల సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే సాధారణం. 20 నుంచి 59 శాతం వరకు తగ్గితే డెఫిషియెంట్, అంటే లోటు. 60 నుంచి 99 శాతం వరకు తగ్గితే తీవ్ర లోటు. సగటు 700 మిల్లీమీటర్లున్న జిల్లాలో 567 మిల్లీమీటర్లు కురిస్తే 19 శాతం తగ్గింది, సాధారణం. 560 కురిస్తే 20 శాతం తగ్గింది, లోటు. ఏడు మిల్లీమీటర్లు, అంటే ఒక సాయంత్రపు జల్లు, మాటను మార్చేసింది. దేశం మొత్తానికి వచ్చేసరికి గీత కూడా మారుతుంది: సగటులో 90 శాతానికి లోపు పడితే ఆ ఏడాది రుతుపవనాలు డెఫిషియెంట్. జిల్లాలో 85 శాతం వాన సాధారణం, దేశంలో 85 శాతం వాన లోటు. రెండూ ఒకే విభాగం మాటలే. 2016లో ఆ విభాగం ‘కరవు సంవత్సరం’ అనడం మానేసి ‘డెఫిషియెంట్ సంవత్సరం’ అనడం మొదలుపెట్టింది కూడా. వానను కొలవడం మాత్రమే తన పని, కరవును ప్రకటించడం రాష్ట్రాల పని అని అనుకుంటే ఆ మార్పులో అర్థం ఉంది. పొలం గట్టు మీద నిలబడి చూసినవారికి అది మాటను మెత్తబరచడంలా కనిపించింది.

ఇప్పుడు ఆ జిల్లాలోనే మరో ఏడాది ఊహించండి. జులై అంతా చినుకు లేదు, వేసిన విత్తనం మాడిపోయింది. సెప్టెంబరులో వారం రోజులు కుండపోత. ఏడాది మొత్తం 690 మిల్లీమీటర్లు. పట్టికలో సాధారణం అని పడుతుంది. వాన డెఫిషియెంట్ కాదు. ఇన్‌సఫిషియెంట్ అని కూడా గట్టిగా అనలేం. కానీ పత్తికి, కందికి అది ఇనాడిక్వేట్. రావలసినంత వచ్చింది, కావలసినప్పుడు రాలేదు.

ఈ గీతలు ఇంగ్లీషులో ఇనుప కంచెలేమీ కావు. పెద్ద నిఘంటువులు కూడా ఒకదాన్ని ఇంకొకదానితో వివరిస్తాయి. పత్రికలు ఇష్టానుసారం మార్చి వాడతాయి. మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అయితే సేవల్లో ‘డెఫిషియెన్సీ’ని నిర్వచిస్తూ తప్పు, అసంపూర్ణత, కొరత, ‘ఇనాడిక్వసీ’ అన్నిటినీ ఒకే గంపలో వేసింది. మామూలు రాతలో తేడా తెలియకపోయినా కొంప మునగదు. తేడా మీద డబ్బు, భూమి, ఉద్యోగం ఆధారపడినప్పుడే గొడవ.

దేనికి, ఎవరికి

తెలుగు వాక్యంలో ‘చాలదు’ అనగానే వెంటనే ఒక ‘కి’ కావలసి వస్తుంది. ఈ అన్నం నాకు చాలదు. ఈ జీతం ఇంటి అద్దెకు చాలదు. ఎవరికి, దేనికి అని చెప్పకుండా ‘చాలదు’ అని ఊరుకుంటే, వినేవాళ్లు ‘దేనికి?’ అని అడుగుతారు. ఇంగ్లీషులో విశేషణం నామవాచకం ముందు కూర్చుని ఆ ప్రశ్నను మింగేస్తుంది. ‘ఇనాడిక్వేట్ సిబ్బంది’, ‘ఇనాడిక్వేట్ పరిహారం’ అని రాస్తే వాక్యం పూర్తయినట్టే ఉంటుంది. తక్కెడలో ఒక తట్ట చూపించి రెండో తట్ట మీద గుడ్డ కప్పినట్టు.

అనువాదం చేసేవారికి ఇక్కడే చిక్కు. ఆసుపత్రిలో ‘ఇనాడిక్వేట్ సిబ్బంది’ అన్న ముక్కను మూడు రకాలుగా రాయవచ్చు. మంజూరైన పోస్టులు నిండలేదంటే ‘సిబ్బంది కొరత’. పోస్టులన్నీ నిండినా వచ్చే రోగులను చూడలేకపోతుంటే ‘ఉన్న సిబ్బంది రోగుల తాకిడికి సరిపోవడం లేదు’. మనుషులున్నారు కానీ ఆ పనిలో శిక్షణ లేదంటే ‘తగిన సిబ్బంది లేరు’. మనవాళ్లు మూడింటికీ ‘అరకొర సిబ్బంది’ అని శీర్షిక పెడతారు. శీర్షికగా బాగుంటుంది, కానీ ప్రభుత్వం ‘ఖాళీలు లేవు’ అని జవాబిస్తే వార్త తప్పయిపోతుంది. మొదటి అర్థానికి ఆ జవాబు చెల్లుతుంది, మిగతా రెండింటికీ చెల్లదు.

గమనించారా, ‘తగిన’ వేరు, ‘తగినంత’ వేరు. ఆ ‘అంత’ చేరగానే ఔచిత్యం పరిమాణంగా మారింది. ఇంగ్లీషు విశేషణంలో రెండూ కలిసే ఉన్నాయి. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. రాజ్యాంగ చర్చలో మనం ‘తగినంత ప్రాతినిధ్యం’ అని అలవాటు పడ్డాం కనుక, అది అంకెల మాటే అన్న అభిప్రాయం తెలుగు వినేవారికి తెలియకుండానే ఏర్పడుతోంది.

అత్తెసరు సంగతి

‘కాదు’ అన్న ఉపసర్గ తీసేస్తే వచ్చే ఎడిక్వేట్ మంచి మాటేనా? అవునంటే అవును. ఒక నాటక సమీక్షలో నటన ‘ఎడిక్వేట్’ అని రాస్తే మాత్రం ఆ నటుడు సంతోషించడు. పని గడిచింది, అంతకు మించి ఏమీ లేదని దాని లోపలి మాట. దీనికి తెలుగులో అచ్చంగా అతికే మాట వంటింట్లో దొరుకుతుంది. గంజి వార్చే పని లేకుండా, బియ్యానికి సరిగ్గా పట్టేంత ఎసరు పెట్టి వండితే అత్తెసరు. నీరు సరిపోయింది, మిగలలేదు. అక్కడి నుంచే అత్తెసరు మార్కులు వచ్చాయి. పాసవడానికి 35 కావలసినచోట సరిగ్గా 35 తెచ్చుకున్నవాడు తప్పలేదు, అలాగని ఇంట్లో లడ్డూలు పంచరు. గీతకు అటువైపు ఒక్క మెట్టు దిగితే ఇనాడిక్వేట్, ఇటువైపు నిలబడితే అత్తెసరు. గీత మీద ఉన్నప్పుడు రెండూ పెద్ద పొగడ్తలు కావు.

మనిషికి తగిలిస్తే

వస్తువుకు వాడినప్పుడు ఇది లోపం చెప్పే మాట. మనిషికి వాడితే గాయం. నేను ఇనాడిక్వేట్ అని ఒక యువకుడు అనుకుంటున్నాడంటే, తన మీద ఉన్న అంచనాలకు తాను సరితూగలేకపోతున్నానని బాధ. పుస్తకాల్లో ‘న్యూనతా భావం’ అని రాస్తాం. నోటితో చెప్పేటప్పుడు ‘వాళ్ల ముందు నేనెంత’ అంటాం. ఆ ‘వాళ్ల ముందు’లో మళ్లీ రెండో తట్ట కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఒక కాలంలో జీవితాన్ని నెట్టుకురాలేనివారిని ‘ఇనాడిక్వేట్లు’ అని నామవాచకంగా కూడా పిలిచారు. అందులో కొలిచేవాడి అహంకారమే ఎక్కువ కనిపిస్తుంది.

వెయ్యి రూపాయల గుర్రం, పది రూపాయల ధర

చట్టంలోకి అడుగుపెడితే ఈ మాట నడక మారుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఒక గుర్రం ఉంది. దాని విలువ 1,000 రూపాయలు. యజమాని దాన్ని 10 రూపాయలకు అమ్ముతానని ఒప్పుకున్నాడు. మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాడు. ఒప్పందం చెల్లుతుందా? చెల్లుతుందని చట్టమే ఉదాహరణ ఇచ్చి చెబుతోంది. ప్రతిఫలం ఇనాడిక్వేట్ అయినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు.

వెంటనే ఇంకో ఉదాహరణ. అదే గుర్రం, అదే ధర. ఈసారి యజమాని, నేను ఇష్టపడి ఒప్పుకోలేదు అంటున్నాడు. అప్పుడు కోర్టు ఆ 10 రూపాయలను తీసి వెలుతురులో పట్టుకు చూస్తుంది. ఇంత తక్కువ ధరకు ఎవరైనా ఇష్టపడి అమ్ముతారా, ఏదైనా ఒత్తిడి ఉందా అని అనుమానించడానికి ధరే ఒక ఆధారమవుతుంది. తక్కువతనం నేరం కాదు, సాక్ష్యం మాత్రమే. దస్తావేజుల తగాదాలు చూసినవారికి ఇది కొత్త కాదు: అన్నదమ్ముల మధ్య ఎకరం పొలం నామమాత్రపు ధరకు రాసిచ్చినా అది దానికదే చెల్లకుండా పోదు, ఆ సంతకం ఎలా పడిందన్న ప్రశ్న వచ్చినప్పుడే ధర ముఖ్యమవుతుంది.

ఇంగ్లండు న్యాయశాస్త్రంలో ఈ సూత్రాన్ని చెప్పే తీరు మరీ విచిత్రం. ప్రతిఫలం ‘సఫిషియెంట్’గా ఉండాలి, ‘ఎడిక్వేట్’గా ఉండనక్కర్లేదు అంటారు. పైన కుర్చీల దగ్గర చెప్పుకున్నదంతా ఇక్కడ తలకిందులు. ఇక్కడ సఫిషియెంట్ అంటే పరిమాణంతో సంబంధం లేదు, చట్టం గుర్తించే ఏదో ఒక విలువ ఉంటే చాలు. ఎడిక్వేట్ అంటే అమ్మిన వస్తువుకు సమానమైన విలువ. ఒక మిరియపు గింజ కూడా సఫిషియెంటే, కొన్నవాడు దాన్ని పారేసినా సరే. చాకొలెట్ రేపర్లు మూడు కూడా ప్రతిఫలంలో భాగమేనని అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక ప్రసిద్ధ కేసులో తేల్చింది. ఆ రేపర్లు కంపెనీ చేతికి రాగానే చెత్తబుట్టలోకి పోయేవే. న్యాయ విద్యార్థులు మొదటి ఏడాది ఈ వాక్యం దగ్గర తడబడడంలో వారి తప్పు లేదు.

చాలదని కోర్టులో అనకూడదు

ఈ విశేషణం స్వతంత్ర భారతంలో పెట్టిన పెద్ద పేచీ ఆస్తిది. రాజ్యాంగంలో అప్పటి 31వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ఆస్తి తీసుకుంటే పరిహారం ఇవ్వాల్సి ఉండేది. ఎంత? పశ్చిమ బెంగాల్ చట్టం ఒకటి, భూమి ఎప్పుడు తీసుకున్నా 1946 డిసెంబరు 31 నాటి మార్కెట్ ధరను మించి ఇవ్వకూడదని కట్టడి చేసింది. 1953 డిసెంబరులో బేలా బెనర్జీ కేసులో సుప్రీంకోర్టు అది కుదరదంది. పోగొట్టుకున్నదానికి న్యాయమైన ‘ఈక్వివలెంట్’ ఇవ్వాలంది. ముందు చెప్పిన చుట్టం వచ్చింది చూశారా: సమానం, సరి.

జమీందారీ భూములు, నగరాల విస్తరణ, పంచవర్ష ప్రణాళికలు కళ్ల ముందున్న పార్లమెంటు ఊరుకోలేదు. 1955లో నాలుగో సవరణ తెచ్చి, పరిహారం ‘ఎడిక్వేట్’గా లేదన్న కారణంతో ఏ కోర్టులోనూ చట్టాన్ని సవాలు చేయకూడదని రాసింది. ఒక విశేషణాన్ని కోర్టు గుమ్మం దాటకుండా నిషేధించిన సందర్భం ఇది. ప్రభుత్వ వాదనలో బలం లేకపోలేదు. ప్రతి ఎకరానికీ మార్కెట్ ధర చెల్లించాలంటే భూ సంస్కరణ జరిగే పని కాదు, తరతరాల అసమానతే ధరలో దాగి ఉంటుంది. అటువైపు వాదన: చాలదని అనే హక్కు కూడా లేకపోతే, పరిహారం అన్న మాటకు మిగిలేదేమిటి?

ఈ ప్రశ్నకు 1964లో వజ్రవేలు ముదలియార్ కేసులో దారి వెతికింది తెలుగువాడైన జస్టిస్ కోకా సుబ్బారావు. పరిహారం చాలినంత ఉందా లేదా అని కోర్టు అడగకూడదు, నిజమే. కానీ ఇచ్చింది పరిహారమేనా, లేక పేరుకు మాత్రమే ఉన్న మాయా అని అడగవచ్చు. ఆస్తి విలువతో ఏ సంబంధమూ లేని లెక్కతో ఏదో కొంత ముట్టజెప్తే అది తక్కువ పరిహారం కాదు, అసలు పరిహారమే కాదు. ఈ గీతను అంకెలతో చూద్దాం. లక్ష రూపాయల స్థలానికి 60,000 ఇస్తే అది ఇనాడిక్వేట్, కోర్టు తలదూర్చదు. లక్ష స్థలానికి 100 రూపాయలు ఇస్తే అది భ్రమ, కోర్టు చూస్తుంది. మరి 15,000 అయితే? అక్కడే తర్వాతి ఏళ్ల లాయర్లంతా జీవించారు.

1969లో శాంతిలాల్ మంగళదాస్ కేసు ప్రభుత్వం వైపు ఒరిగింది. 1970లో 14 బ్యాంకుల జాతీయీకరణ కేసు యజమానుల వైపు ఒరిగింది. 1971లో 25వ సవరణ పరిహారం అన్న మాటనే తీసేసి ‘మొత్తం’ అని రాసింది, ఎడిక్వేట్ కాదన్న అభ్యంతరానికి మాత్రం తాళం అలాగే ఉంచింది. 1973లో కేశవానంద భారతి తీర్పు ఆ మార్పును నిలబెడుతూనే, ఆ మొత్తం మరీ మాయగా ఉండకూడదన్న పాత మాటను పూర్తిగా వదిలేయలేదు. చివరికి 1978 నాటి 44వ సవరణ ఆ అధికరణాన్నే ఎత్తేసింది. 2013 భూసేకరణ చట్టం పేరులోనే పరిహారం ఉంది కానీ దాని ముందు ఉన్న విశేషణం వేరు: ‘ఫెయిర్’. ఎడిక్వేట్‌తో పడిన పాట్లు చూసినవారెవరైనా ఆ ఎంపికను అర్థం చేసుకుంటారు.

తగినంతా, దామాషానా

ఇప్పుడు మొదలుపెట్టిన చోటికి. 16(4) అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో ‘ఎడిక్వేట్’ ప్రాతినిధ్యం లేదని రాష్ట్రం భావించిన వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్ ఇవ్వవచ్చంటుంది. పదోన్నతుల్లో ఎస్సీ, ఎస్టీలకు 1995లో 77వ సవరణతో చేరిన 16(4ఎ)లోనూ అదే మాట.

దామాషా అనుకోవడం సులువు. జనాభాలో 10 శాతం ఉంటే ఉద్యోగాల్లోనూ 10 శాతం, లెక్క తేలిపోతుంది. 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పులో ప్రధాన అభిప్రాయం రాసిన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ సులువు దారిని మూసేశారు. రాజ్యాంగం ఎడిక్వేట్ అంది కానీ దామాషా అనలేదు, రెండూ ఒకటి కావని స్పష్టం చేశారు. జనాభా నిష్పత్తి పూర్తిగా అప్రస్తుతమని కూడా అనలేదు. చూడవచ్చు, కట్టుబడనక్కర్లేదు.

ఇక్కడ రెండు పక్షాలకూ గట్టి వాదనలున్నాయి. జనాభా లెక్కను పక్కనపెడితే కొలిచే బద్ద ఏది, ప్రభుత్వం తనకు తోచినప్పుడు ‘ఇక చాలు’ అనేస్తే అడ్డేది అని ఒక పక్షం అడుగుతుంది. చాలు అనే అధికారం ఎప్పుడూ ఉన్నవాళ్ల చేతిలోనే ఉంటుందన్నది వారి అనుభవం. రెండో పక్షం, దామాషా ఒక్కటే కొలత అయితే రిజర్వేషన్ ఒక దిద్దుబాటు చర్యగా కాక శాశ్వత పంపకంగా మారుతుందని, రాజ్యాంగ నిర్మాతలు వేరే మాట ఎంచుకున్నారంటే దానికి విలువివ్వాలని అంటుంది. మొదటి పక్షం అంకెను అడుగుతోంది, రెండో పక్షం విచక్షణను. ఈ విశేషణం రెండింటికీ చోటిస్తుంది, అదే దాని బలం, బలహీనత.

2006లో నాగరాజ్ తీర్పు పదోన్నతుల రిజర్వేషన్‌కు ముందు ప్రాతినిధ్యం చాలడం లేదని లెక్కలతో చూపించాలంది. వెంటనే, ఏ గీత దాటితే చాలినట్టు అని రాష్ట్రాలు అడిగాయి. 2022 జనవరి 28న జర్నైల్ సింగ్ కేసులో కోర్టు ఆ గీతను తాను గీయనంది, రాష్ట్రాలకే వదిలేసింది. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పింది: లెక్క కేడర్ వారీగా, అంటే ఒక్కో స్థాయి పోస్టులకు విడివిడిగా తీయాలి, మొత్తం సర్వీసును కలిపి కాదు.

దాని అర్థం తెలియాలంటే ఊహాత్మకంగా ఒక శాఖను తీసుకుందాం. మొత్తం 1,000 పోస్టులు. జనాభాలో 10 శాతం ఉన్న ఒక వర్గానికి సరిగ్గా 100 మంది ఉద్యోగులున్నారు. దామాషా అచ్చుగుద్దినట్టు కుదిరింది. లోపలికి వెళ్తే, ఆ వందలో 92 మంది అటెండర్లు, స్వీపర్లు. ఎనిమిది మంది గుమస్తాలు. పైన ఉన్న 50 అధికారి పోస్టుల్లో ఒక్కరూ లేరు. శాఖ మొత్తంగా చూస్తే కొరత లేదు. కేడర్‌గా చూస్తే అధికారుల స్థాయిలో శూన్యం. అంగన్‌వాడీ కుర్చీలు గుర్తొచ్చాయా?

సంఖ్యకు అవతల

2024 ఆగస్టు తీర్పు ఈ ఆలోచనను మరో అడుగు ముందుకు తీసుకెళ్లింది. ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు, ఎస్సీల్లో ఉపవర్గాలు చేయవచ్చన్నారు. ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన ఎ, బి, సి, డి వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన 2004 నాటి చిన్నయ్య తీర్పు దీనితో పోయింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ రాసిన అభిప్రాయంలో ప్రాతినిధ్యం చాలిందా లేదా అన్నది కేవలం సంఖ్యతో కాక, అది ఎంత ప్రభావవంతంగా ఉందన్నదాన్ని బట్టి రాష్ట్రాలు లెక్కించాలని ఉంది. ‘తగినంత’ నుంచి ‘తగిన’ వైపు జరిగినట్టన్నమాట.

కానీ ప్రభావాన్ని కొలవడం ఉద్యోగులను లెక్కపెట్టడం కంటే కష్టం. ఒక్క కలెక్టరు వందమంది అటెండర్లకు సమానమా? ఆ కలెక్టరు ఏ జిల్లాలో, ఏ శాఖలో ఉన్నారన్నది లెక్కలోకి వస్తుందా? తీర్పును సమర్థించేవారిలో కూడా దీని మీద ఏకాభిప్రాయం లేదు. విమర్శకులైతే, ఒక మసక మాటను ఇంకొక మసక మాటతో వివరించారని అంటారు.

ఆ తర్వాత తెలంగాణలో జస్టిస్ షమీమ్ అక్తర్, ఆంధ్రప్రదేశ్‌లో విశ్రాంత ఐఏఎస్ అధికారి రాజీవ్ రంజన్ మిశ్రా ఏకసభ్య కమిషన్లుగా ఈ పనికి కూర్చున్నారు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన తెలంగాణ చట్టం 59 కులాలను మూడు గ్రూపులు చేసి 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. ఆంధ్రప్రదేశ్ కూడా 59 కులాలనే మూడు గ్రూపులు చేసి, అదే 15 శాతాన్ని 1, 6.5, 7.5గా పంచింది. 2014 వరకు ఒకే రాష్ట్రంగా ఉన్న నేల మీద, ఒకే విశేషణాన్ని చదివి, రెండు ప్రభుత్వాలు రెండు లెక్కలు తేల్చాయి. జనాభా కూర్పు వేరు కనుక ఇందులో వింతేమీ లేదు. రెండు చోట్లా జనాభాకు ఆధారం 2011 జనగణన. 2027 జనగణన అంకెలు వచ్చాక, ఈ పంపకాన్ని మళ్లీ తూచమంటూ ఏదో ఒక గ్రూపు నుంచి ఒక పిటిషన్ దాఖలవుతుంది. అందులో మొదటి పేజీలోనే ఈ మాట ఉంటుంది.